మూత్రంలో బాక్టీరియా కనిపిస్తే ఇన్ఫెక్షన్ ఉన్నట్లేనా?

వయసు పైబడిన మగవారిలో ప్రొస్టేట్ గ్రంథి ఉబ్బి మూత్రం ఆగిపోతే, వైద్యులు ముందుగా కాథెటర్ అమరుస్తారు. మూత్రాశయంలోకి వెళ్లే ఈ సన్నని గొట్టం వెంటనే ఉపశమనం ఇస్తుంది. అయితే ఆపరేషన్ కోసం వారాల తరబడి వేచి ఉండాల్సి వస్తే, అదే గొట్టం సూక్ష్మజీవులకు దారి అవుతుంది.

మామూలుగా మూత్రం ధారగా వస్తూ బాక్టీరియాను కడిగేస్తుంది. కాథెటర్ ఉంటే ఈ సహజ రక్షణ ఉండదు. గొట్టం లోపలి, వెలుపలి గోడల వెంట బాక్టీరియా పైకి పాకుతాయి. ఒక్కో రోజుకు మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం. నెల గడిచేసరికి దాదాపు అందరిలోనూ అవి కనిపిస్తాయి.

జిగురు పొర చాటున

గొట్టానికి అంటుకున్న బాక్టీరియా తమ చుట్టూ జిగురు పొరను ఏర్పరచుకుంటాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. యాంటీబయాటిక్ ఈ పొరలోకి పూర్తిగా చేరదు. లోపల నిదానంగా పెరిగే కణాలపై అంతగా పనిచేయదు కూడా. అందుకే మందు వాడినన్నాళ్లూ తగ్గినట్లనిపించి, ఆపాక తిరగబెట్టవచ్చు. ప్రోటియస్ మిరాబిలిస్ అనే బాక్టీరియా యూరియాను విడగొట్టి అమ్మోనియాను తయారుచేస్తుంది. దాంతో మూత్రం క్షారగుణం పొంది, మెగ్నీషియం, కాల్షియం ఫాస్ఫేట్లు స్ఫటికాలుగా పేరుకుని గొట్టాన్ని మూసేస్తాయి.

చికిత్స ఎప్పుడు?

మూత్రంలో బాక్టీరియా ఉండటం వేరు, ఇన్ఫెక్షన్ రావడం వేరు. జ్వరం, చలి, వణుకు, నడుము పక్కన లేదా పొత్తికడుపులో నొప్పి, వృద్ధుల్లో ఉన్నట్టుండి అయోమయం వంటివి ఇన్ఫెక్షన్ లక్షణాలు. ఇవేవీ లేకపోతే సాధారణంగా యాంటీబయాటిక్ అవసరం లేదు. మూత్రం మడ్డిగా ఉండటం, వాసన రావడం మాత్రమే రుజువు కాదు. అనవసరంగా మందులు వాడితే వాటికి లొంగని బాక్టీరియా మిగులుతాయి. తీరా ఆపరేషన్ నాటికి పనిచేసే మందులు తగ్గిపోతాయి.

లక్షణాలుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరితే ప్రాణాపాయం. కాథెటర్ పెట్టి 2 వారాలు దాటితే దాన్ని మార్చి, కొత్త గొట్టం నుంచి తీసిన మూత్రాన్ని కల్చర్ పరీక్షకు పంపాలి. సంచిలో నిల్వ ఉన్న మూత్రం ఇందుకు పనికిరాదు. త్వరగా కోలుకునేవారికి సాధారణంగా 7 రోజులు, ఆలస్యమైతే 10 నుంచి 14 రోజులు మందు ఇస్తారు.

ఆపరేషన్ ముందు

లక్షణాలు లేకపోతే మందు వద్దన్న నియమానికి ఇక్కడ మినహాయింపు ఉంది. ప్రొస్టేట్‌ను మూత్రమార్గం గుండా తొలిచేటప్పుడు లోపలి పొర గాయపడి, బాక్టీరియా నేరుగా రక్తంలో కలవవచ్చు. అందుకే ముందుగానే కల్చర్ చేయించి, ఫలితాన్ని బట్టి ఎంచుకున్న యాంటీబయాటిక్‌ను ఆపరేషన్‌కు అరగంట నుంచి గంట ముందు ఇస్తారు. చాలామందికి ఒకటి రెండు డోసులు సరిపోతాయి.

అప్పటివరకు ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు తేలికైనవే. గొట్టాన్ని తాకే ముందు, తర్వాత చేతులు కడుక్కోవాలి. సంచి మూత్రాశయం కంటే కిందే ఉండాలి, కానీ నేలకు తగలకూడదు. గొట్టం మెలిపడకుండా చూడాలి. సంచిని గొట్టం నుంచి అనవసరంగా విడదీయకూడదు. వీటన్నింటికన్నా మేలైన రక్షణ, అవసరం తీరిన వెంటనే కాథెటర్ తీసేయడం. ఆపరేషన్ ఆలస్యమవుతుంటే, ఈలోగా గొట్టం తీసి చూడవచ్చా అని వైద్యుణ్ణి అడగడం మంచిది.