బోణీ లేని ఏడాది

పద్నాలుగు మ్యాచ్‌లు ఆడి పద్నాలుగూ ఓడిన జట్టు కథ

1976 అక్టోబరు 17. ఫ్లోరిడాలోని టాంపా స్టేడియంలో ఎన్‌ఎఫ్‌ఎల్‌ మ్యాచ్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అంతకు మించిన లీగ్ లేదు. తలపడుతున్న రెండు జట్లూ ఆ ఏడాదే లీగ్‌లో అడుగుపెట్టాయి. సొంతగడ్డ జట్టు టాంపా బే బక్కనీర్స్ అప్పటికి అయిదు ఆడి అయిదూ ఓడింది. సియాటిల్ సీహాక్స్‌దీ అదే లెక్క. టై అయితే తప్ప ఎవరో ఒకరికి ఆ రోజు బోణీ ఖాయం.

ఆట మాత్రం చూసేవాళ్ల ఓపికకు పరీక్ష. తప్పు జరిగిందని రిఫరీలు పసుపు జెండా విసరడం ఈ ఆటలో మామూలే కానీ, ఆ మధ్యాహ్నం రెండు జట్లకూ కలిపి ముప్పైకి పైగా పెనాల్టీలు పడ్డాయి. నాలుగు అడుగులు ముందుకేస్తే జెండా, వెనక్కి రమ్మని సైగ. చివరికి సియాటిల్ 13, టాంపా 10. ఆఖరి క్షణాల్లో టాంపాకి ఫీల్డ్ గోల్ అవకాశం దొరికింది. బంతిని తన్ని రెండు స్తంభాల మధ్య నుంచి పంపిస్తే మూడు పాయింట్లు వస్తాయి, స్కోరు సమమవుతుంది. డేవ్ గ్రీన్ తన్నాడు. సియాటిల్ లైన్‌బ్యాకర్ మైక్ కర్టిస్ ఎగిరి అడ్డుపడ్డాడు. బంతి స్తంభాల దాకా పోనేలేదు.

ఒకప్పుడు బాల్టిమోర్ కోల్ట్స్‌కి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిపెట్టినవాళ్లలో ఒకడైన కర్టిస్‌కి అప్పుడు ముప్పై మూడేళ్లు. వయసు మీద పడిందని కోల్ట్స్ వదిలేస్తే సియాటిల్‌లో తేలాడు. అంటే, పాత జట్లు వద్దనుకున్నవాళ్లతో కట్టిన ఒక కొత్త జట్టు, అలాగే కట్టిన ఇంకో కొత్త జట్టుని ఓడించింది. బక్కనీర్స్ ఆ ఏడాదంతా ఎందుకు ఓడిందో తెలియాలంటే ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

అంతకు ఏడు నెలల ముందు, మార్చి ఆఖర్లో, కొత్త జట్లు రెండింటికీ ఆటగాళ్లని పంచే తంతు జరిగింది. పాత జట్లు 26. ఒక్కొక్కటీ తనకు కావలసినవాళ్లని ముందే అట్టిపెట్టుకుంది. ఆ జాబితాల్లో లేనివాళ్లలోంచి టాంపా 39 మందిని, సియాటిల్ 39 మందిని ఏరుకోవాలి. మోకాలికి ఆపరేషన్ అయినవాడు, కోచ్‌తో పడనివాడు, మూడో వరసలో కూర్చోబెట్టినవాడు, రేపో మాపో రిటైరయ్యేవాడు... గింజలన్నీ గాదెలోకి పోయాక కళ్లంలో మిగిలిన పొట్టు వీళ్ల వాటా. ఒప్పందం ముగిసిన మంచి ఆటగాణ్ని డబ్బు పెట్టి తెచ్చుకుందామన్నా, అలా స్వేచ్ఛగా జట్టు మారే పద్ధతి అప్పటికింకా స్థిరపడలేదు. లీగ్‌లో చేరడానికి మాత్రం 1.6 కోట్ల డాలర్లు కట్టించుకున్నారు.

మన ఐపీఎల్‌లో 2022లో చేరిన గుజరాత్ టైటన్స్‌ని చూడండి. వేలానికి ముందే ముగ్గురిని ఎంచుకోనిచ్చారు, ఆ తర్వాత మెగా వేలంలో అందరితో సమానంగా కూర్చోబెట్టారు. చేరిన ఏడాదే కప్పు పట్టుకుపోయింది. గుజరాత్ బాగా ఆడలేదని కాదు. ఆడగలిగేవాళ్లని కొనుక్కోనిచ్చారు, అంతే తేడా.

టాంపా యజమాని హ్యూ కల్వర్‌హౌస్ జాక్సన్‌విల్‌కి చెందిన పన్నుల లాయరు. అంతకుముందు లాస్ ఏంజెలెస్ రామ్స్‌ని కొనబోతే చేతిదాకా వచ్చి జారిపోయింది. టాంపా జట్టు కూడా మొదట ఫిలడెల్ఫియా బిల్డర్ ఒకాయనకి దక్కింది. ఆయన వెనక్కి తగ్గితే ఈయన చేతికి వచ్చింది. పైసా దగ్గర ఆయన ఎంత గట్టి మనిషో తర్వాత్తర్వాత ఊరందరికీ తెలిసొచ్చింది. జట్టు ఆఫీసు విమానాశ్రయం పక్కనే. ప్రాక్టీసులో కోచ్ గొంతు ఎత్తితే పైన విమానం హోరు.

ఆ కోచ్ గురించి చెప్పాలి. జాన్ మెక్కే. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ జట్టుని పదహారేళ్లు నడిపి, నాలుగుసార్లు జాతీయ విజేతగా నిలిపిన మనిషి. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆయన పేరు చెబితే లేచి నిలబడేవాళ్లు. చుట్ట నోట్లో పెట్టుకుని, తెల్లజుట్టు సవరించుకుంటూ, ముఖంలో ఏ భావమూ లేకుండా జోకులేసేవాడు. తాను చూస్తుంటే తన్నడానికి కంగారుగా ఉంటోందని ఒక కిక్కర్ మొరపెట్టుకుంటే, అన్ని మ్యాచ్‌లకీ రావాలనుకుంటున్నాను మరి అన్నాడట. మనవాళ్లు ప్రత్యర్థిని పట్టి పడేయడంలో తేలిపోయారు, అయితే ప్రత్యర్థిని అడ్డుకోవడంలోనూ తేలిపోయి లెక్క సరిచేశారు అన్నదీ ఆయన పేరు మీదే చలామణీలో ఉంది. నా అనుమానం, ఆ ఏడాది ఊరు ఆ జట్టుని భరించిందంటే సగం పుణ్యం ఆ నోటిదే. మిగతా సగం ఆ యూనిఫారానిది: పుల్ల ఐస్‌క్రీములా లేత నారింజ రంగు చొక్కాలు, హెల్మెట్ మీద ఈకల టోపీ పెట్టుకుని, పళ్ల మధ్య బాకు కరిచి కన్ను కొడుతున్న సముద్రపు దొంగ. ఆ బొమ్మ గీసింది టాంపా ట్రిబ్యూన్ పత్రిక కార్టూనిస్టు లమార్ స్పార్క్‌మన్. అప్పట్లో నవ్వుకున్నారు. ఇప్పుడు ఆ పాత చొక్కాలకే గిరాకీ.

సెప్టెంబరు 12న హ్యూస్టన్‌లో మొదటి మ్యాచ్. 20-0తో ఓటమి. వారం తర్వాత సొంత మైదానంలో శాన్ డియెగో చేతిలో 23-0. మూడో వారం బఫెలో మీద తొమ్మిది పాయింట్లు వచ్చాయి, మూడూ ఫీల్డ్ గోల్సే. బంతితో ఎదుటివాళ్ల గడిలోకి దూకితే వచ్చే టచ్‌డౌన్, అంటే ఆరు పాయింట్లు, ఈ జట్టుకి నాలుగో మ్యాచ్ దాకా రాలేదు. అదీ దాడి చేసేవాళ్లు సాధించింది కాదు. బాల్టిమోర్ ఆటగాడు జారవిడిచిన బంతిని అందుకుని డిఫెన్స్‌లోని డానీ రీస్ పరుగెత్తాడు. ఆ మ్యాచ్ 42-17తో పోయింది.

సియాటిల్‌తో ఓడిన వారానికే మయామి వచ్చింది. అదే రాష్ట్రం, నాలుగేళ్ల కిందట ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 17కి 17 గెలిచిన డాల్ఫిన్స్. ఆ రోజు టాంపా దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ స్పరియర్ పాత రోజులు గుర్తొచ్చేలా ఆడాడు. కుర్రతనంలో ఫ్లోరిడా యూనివర్సిటీ తరఫున ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ కొట్టినవాడాయన. అయినా 23-20. సీజన్ మొత్తంలో మూడు పాయింట్ల దూరానికి చేరింది ఆ రెండు వారాల్లోనే.

ఆ తర్వాత గాయాల వరస. ఉన్నదే అరకొర జట్టు, అందులో ఆస్పత్రి పాలైనవాళ్లు పోగా ఆ వారం దొరికినవాళ్లతో ఆడించాల్సి వచ్చింది. డెన్వర్ 48 పాయింట్లు దంచింది. అక్కడి కోచ్ జాన్ రాల్‌స్టన్, మెక్కేకి కాలేజీ రోజుల నుంచీ ప్రత్యర్థే. గెలుపు ఖాయమయ్యాక కూడా కావాలనే కొట్టించాడని మెక్కే మండిపడ్డాడు. జోకులు ఆగిపోయిన అరుదైన రోజు అది. ఓక్లాండ్ 49 కొట్టింది, పిట్స్‌బర్గ్ 42 కొట్టి సున్నా ఇచ్చింది. డిసెంబరు 12న న్యూ ఇంగ్లండ్ చేతిలో 31-14. పద్నాలుగు ఓటములు, చేసినవి 125 పాయింట్లు, ఇచ్చినవి 412, అయిదు మ్యాచ్‌ల్లో గుండుసున్నా.

అమెరికా అంతా రాత్రిపూట చూసే తన టీవీ షోలో జానీ కార్సన్‌కి ఈ జట్టు ఓ జోకుల గని అయింది. స్పరియర్‌ని ఇంటికి పంపేశారు. ఆయన తర్వాత కాలేజీ కోచ్‌గా ఫ్లోరిడాకి జాతీయ టైటిల్ తెచ్చాడు.

మరుసటి ఏడాదీ మొదటి పన్నెండు ఓటములే. ఆ పన్నెండింటిలో కలిపి చేసింది 53 పాయింట్లు. మొత్తం 26 వరుస పరాజయాలు. 1977 డిసెంబరు 11న న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్‌లో సెయింట్స్‌తో ఆట. అవతలి క్వార్టర్‌బ్యాక్ ఆర్చీ మానింగ్, తర్వాతి తరంలో పేటన్, ఎలై మానింగ్‌ల తండ్రిగా ఇంకా పేరు తెచ్చుకున్నవాడు. టాంపా చేతిలో ఓడితే అంతకన్నా పరువు తక్కువ లేదన్న ధోరణిలో ఆయన మాట్లాడినట్టు పత్రికల్లో వచ్చింది. టాంపా డిఫెన్స్ వాళ్ల పాస్‌లు ఆరు లాక్కుంది. వాటిలో మూడింటిని టచ్‌డౌన్‌ దాకా మోసుకెళ్లింది. 33-14. విమానం దిగి ఆఫీసుకొచ్చేసరికి వేలమంది జనం రోడ్డు మీద ఎదురుచూస్తున్నారు. సెయింట్స్ కోచ్ హ్యాంక్ స్ట్రామ్ సీజన్ ముగిశాక ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

ఈ ఓటములన్నిటి మధ్యా ఒక్క మంచి పని జరిగింది. కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే 1976 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాణ్ని ఎంచుకునే హక్కు టాంపాకి దక్కింది. వాళ్లు ఓక్లహోమా యూనివర్సిటీ నుంచి లీ రాయ్ సెల్మన్‌ని తీసుకున్నారు. తొమ్మిది మంది సంతానంలో ఆఖరివాడు. కాలేజీలో ఆఖరి రెండేళ్లూ అతని జట్టే జాతీయ విజేత. గెలవడం తప్ప అంతగా తెలియనివాడు వచ్చి ఇక్కడ పడ్డాడు. రెండో రౌండులో అన్న డ్యూయీ సెల్మన్‌నీ తెచ్చారు. లీ రాయ్ మాట మెత్తన, ఆట మాత్రం ఎదుటివాళ్ల క్వార్టర్‌బ్యాక్‌కి పీడకల. 1979లో లీగ్‌లోనే ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. ఆ ఏడాదే టాంపా సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు కింద, రామ్స్ చేతిలో 9-0తో ఆగింది. అందరూ వెక్కిరించిన జట్టు మూడేళ్లకు అక్కడికి చేరిందంటే మెక్కే డ్రాఫ్ట్‌లో ఏరుకున్న కుర్రాళ్లే కారణం. పాత జట్లు పంచిపెట్టిన 39 మంది కాదు. టాంపాలో ఉన్న మన తెలుగువాళ్లు ఆఫీసుకి టోల్ కట్టి వెళ్లే రోడ్డుకి ఇప్పుడు లీ రాయ్ సెల్మన్ ఎక్స్‌ప్రెస్‌వే అని పేరు.

ఎన్‌ఎఫ్‌ఎల్ ఆ తర్వాత పందొమ్మిదేళ్ల పాటు కొత్త జట్టుని చేర్చుకోలేదు. 1995లో కారొలీనా, జాక్సన్‌విల్‌లను చేర్చుకునేనాటికి నిబంధనలు మారాయి: కొత్తవాళ్లకి డ్రాఫ్ట్‌లో అదనపు అవకాశాలు, ఒప్పందం ముగిసిన ఆటగాళ్లని కొనుక్కునే స్వేచ్ఛ. రెండో ఏడాదే, 1996లో, ఆ రెండు జట్లూ సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు కింది దాకా వెళ్లాయి. ఆ ఏడాది టాంపా 6 గెలిచి 10 ఓడింది. వాళ్లకది వరుసగా పద్నాలుగో ఓటమి సీజన్.