విస్తరణ సిబ్బంది అభిప్రాయ సేకరణలో ఈమెయిల్ ఓటింగ్ వినియోగం

మన దేశంలో 2018లో తొలిసారిగా గుర్తించిన కత్తెర పురుగు మొక్కజొన్న ఆకుసుడిలోకి చేరిన తరువాత మందు దానికి సరిగా అందదు. షాద్‌నగర్ ప్రాంతంలో విస్తరణ సిబ్బంది శిక్షణ తేదీ ఖరారు కాక జాప్యమైతే నష్టపోయేది రైతే. విడివిడి జవాబుల కంటే ఈమెయిల్ ఓటింగ్ ఇందుకు అనువైనది.

క్లాసిక్ ఔట్‌లుక్‌లో కొత్త మెయిల్ రాసేటప్పుడు ‘ఆప్షన్స్’లోని ‘యూజ్ ఓటింగ్ బటన్స్’ ద్వారా సెమికోలన్‌తో వేరుచేసిన ఎంపికలను ఇవ్వవచ్చు. వచ్చిన ఓట్లు పంపిన మెయిల్‌లోని ‘ట్రాకింగ్’లో పేర్లవారీగా నమోదవుతాయి.

దీనికి మూడు పరిమితులు ఉన్నాయి. మొదటిది, ఈ బటన్లు ఎక్స్ఛేంజ్ ఖాతాల మధ్యనే సక్రమంగా పనిచేస్తాయి. జీమెయిల్ వాడేవారికి గూగుల్ ఫారం పంపాలి. రెండవది, ఓటు గోప్యం కాదు; పై అధికారి ప్రతిపాదనను కాదనడానికి కింది సిబ్బంది జంకుతారు. అటువంటి అంశాలకు పేరు, మెయిల్ చిరునామా సేకరించని ఫారం మేలు. మూడవది, మౌనం అంగీకారం కాదు. ఓటు వేయనివారిని విడిగా లెక్కించి, ఫోనులో అడిగి తెలుసుకోవాలి.

మెయిల్‌కు ఒకే ప్రశ్న, స్పష్టమైన గడువు, ‘ఏ తేదీ కుదరదు’ అనే ఎంపిక తప్పనిసరి. అధిక ఓట్లు సిబ్బందికి వీలైన రోజును తెలుపుతాయే గాని పురుగు దశను తెలుపవు. కాబట్టి ఓటుకు పెట్టే తేదీలన్నీ ముందుగా పొలం పరిశీలనను బట్టి ఎంచినవై ఉండాలి.