క్షమాభిక్షయు, వరుసలో నిలిచినవారును

మన తెలుగుదేశమున ఆమ్నెస్టీ యను మాట నెఱుఁగని గ్రామములు నేఁడు తక్కువ. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండి యరబ్బుదేశములకుఁ గూలికిఁ బోయిన మగవారును, కడపనుండియుఁ గోనసీమనుండియు నింటిపనులకై కువైటునకుఁ బోయిన యాఁడువారును నీ మాటను మనకుఁ దెచ్చి యిచ్చిరి. పత్రముల గడువు తీఱినను దాఁగియుండి పనిచేయుచున్నవారు జరిమానా లేక, చెఱ లేక స్వదేశమునకుఁ బోవచ్చునని కువైటు ప్రభుత్వమువారు 2018లో గడువిచ్చిరి. ఐక్య అరబ్బు ఎమిరేట్లవారు 2018లోను, మరల 2024లోను నిట్టి గడువులే ప్రకటించిరి. కావున మన పల్లెలలో నీ మాట చెవినిఁ బడినంతనే తల్లులు దేవునికి దీపము పెట్టి, బిడ్డ యింటికి వచ్చునని వీథివంకఁ జూచుచుందురు.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో నీ మాటకే వేఱర్థము గలదు. అచట క్షమ యనఁగా నింటికిఁ బోవుట కాదు. అనుమతి లేక వచ్చినవారును, అనుమతి తీఱినను నిలిచిపోయినవారును నచటనే న్యాయముగా నుండిపోవుట. అందుచేత నా మాట యచట నొక తిట్టుతో సమానమైనది. ఏ బిల్లుకైన విరోధులు 'ఇది ఆమ్నెస్టీ' యని పేరు పెట్టఁగలిగిరా, ఆ బిల్లు సగము చచ్చినదే.

మా వీథిలోని యొక లోఁగిట నిద్దఱు తోడికోడండ్రు గలరు. ఇద్దఱి కొడుకులును నమెరికాకుఁ బోయినవారే. ఒకనాఁటి సాయంకాలము మే మచటఁ గూర్చుండియుండఁగా నీ ప్రస్తావము వచ్చినది. పెద్దామె, "క్షమయుఁ గిమయు నేల? తలుపు తట్టి వాకిట నిలిచినవానికిఁ బీట లేదు. దొడ్డిగోడ దూఁకినవానికి విస్తరి వేయుదురా?" యని కటువుగాఁ బలికెను. చిన్నామె మాఱుపలుకక వత్తులు చేసికొనుచుండెను. ఆ మౌనమునకుఁ గారణము మాకుఁ దెలియును గనుక నాఁటి ప్రసంగ మంతటితో నాఁగినది. కాని పెద్దామె మాట మమ్ము విడువలేదు. అమెరికాలో లక్షలకొలఁది ప్రజలు 30 ఏండ్లకు మించి చెప్పుచున్న మాటయు నదియే గదా!

ఆ కోపమునకు మూలము 1986వ సంవత్సరము. ఆ యేఁట నవంబరు 6వ తేదీని రీగను అధ్యక్షుఁడు సంతకము చేసిన శాసనము రెండుపాళ్ల యొడంబడిక. మొదటిపాలు క్షమ. 1982 జనవరి 1వ తేదీకి ముందే వచ్చి యెడతెగక నివసించుచున్నవారికిని, ఏఁటికి 90 దినములైనఁ బొలములలోఁ బనిచేసిన కూలీలకును నిలుచు హక్కు నిచ్చిరి. రెండవపాలు దండన. అనుమతి లేదని యెఱిఁగియు నట్టివారిని బనిలోఁ బెట్టుకొను యజమానులకు జరిమానా విధించిరి. అలవాటుగాఁ జేయువారికిఁ జెఱయుఁ గలదు. అంతకుముందు సరిహద్దు దాఁటి వచ్చుట తప్పుగాని, వచ్చినవానిచేఁ బనిచేయించుకొనుట దేశశాసనమునఁ దప్పు కాకుండెను. రెండు పాళ్లును సమముగా నడచినచో నిఁక నిట్టి సమస్య రాదని ప్రజలకు మాట యిచ్చిరి.

మొదటిపాలు చెల్లినది. సుమారు 27 లక్షలమంది హక్కు పొందిరి. అందును మన యాఁడువారి వంటివారికిఁ గష్టమే. ఇండ్లలోఁ బాచిపనియు బిడ్డలపెంపకమును జేయువారికి జీతము చేతిలోఁ బెట్టుటయే గాని రసీదు లెవ్వరిచ్చిరి? ఇన్నేండ్లు నివసించితిమని యే కాగితముతో రుజువు చేయఁగలరు? అది యట్లుండఁగా, రెండవపాలు కాగితముమీఁదనే నిలిచిపోయినది. యజమాని చేయవలసిన దెల్ల, పనివాఁడు చూపిన పత్రములు కంటికి సరిగా నున్నచో నొక ఫారము నింపి దాఁచుకొనుటయే. కల్లపత్రములు చేయువారికిఁ బండుగ వచ్చినది. తోఁటల యజమానులును, మాంసపుఁ గర్మాగారముల వారును, హోటళ్ల వారును నేమియు నెఱుఁగనట్లే యుండిరి. 2007 నాఁటికి ననుమతి లేనివారు సుమారు 1 కోటి 20 లక్షలైరి.

'ఒకమాఱు నమ్మి మోసపోయితిమి' అని క్షమావిరోధులు చెప్పునపుడు వారి మనస్సులో నున్న దీ 1986వ సంవత్సరమే. వారినందఱను ద్వేషబుద్ధి గలవారని త్రోసివేయుట తగదని మా యభిప్రాయము. ద్వేషముతోఁ బలుకువారు లేకపోలేదు. వలసవచ్చినవారి రంగునుబట్టి మతమునుబట్టి దూషించువారి కేకలును నీ వాదములోఁ గలిసియున్నవి. అయినను మాటయిచ్చి తప్పిరన్న ఫిర్యాదు మాత్రము నిజమైన ఫిర్యాదే.

భారతమున వనవాసకాలమున ద్రౌపది ధర్మరాజుతోఁ జేసిన వాదము మన చదువరులకు సుపరిచితము. క్షమయే పరమధర్మ మని యాతఁడు శాంతించియుండఁగా, ఆమె ప్రహ్లాదుఁడు బలిచక్రవర్తికిఁ జెప్పిన నీతిని వినిపించినది. ఎల్లవేళల దండించువాఁడును జెడును. ఎల్లవేళల క్షమించువానిని సేవకులు సైతము లెక్కసేయరు. తెలియక చేసిన తప్పును, మొదటి తప్పును క్షమింపవచ్చును. రెండవది స్వల్పమైనను దండ్యమే. అమెరికావారు భారతము చదువకున్నను వారి వాద మిదియే. కాని మా కొకటి తోఁచుచున్నది. ద్రౌపది చెప్పిన నీతిలో రెండు తప్పులును జేసినవాఁ డొక్కఁడే. అమెరికాలో 1986లో క్షమ పొందినవాఁడు వేఱు, తరువాత వచ్చినవాఁడు వేఱు. రెండుమాఱులును దప్పుచేసినవాఁడు పనిచ్చిన యజమాని. వానిపైఁ గోపము చాల తక్కువగా నుండుటయే వింత.

యజమానులపైఁ గోపము రగిలిన సందర్భము లేకపోలేదు. అదియు నొక స్త్రీ విషయమున. 1993 జనవరిలో క్లింటను అధ్యక్షుఁడు దేశమునకు అటార్నీ జనరలుగా జోయి బెయర్డు అను న్యాయవాదినిని నియమింపఁ దలఁచెను. అంతకుముం దా పదవి నొక స్త్రీయు నందియుండలేదు. ఆమె తన పసిబిడ్డను జూచుకొనుటకుఁ బెరూదేశపు దాదిని, కారు నడుపుటకు దాది మగనిని బెట్టుకొనెననియు, వారి కనుమతి లేదనియు బయటఁబడఁగా సెనేటునకు టెలిఫోనులు వెల్లువగా వచ్చినవి. శాసనమును గాపాడవలసినవారే శాసనమును దప్పుదురా యని ప్రజ లడిగిరి. ఆమె తప్పుకొనెను. పిమ్మటఁ బేరు వినవచ్చిన కింబా వుడ్ అను న్యాయాధీశురాలు 1986 శాసనమునకు ముందే, అది నేరము కానప్పుడే, దాదిని బెట్టుకొన్నదయ్యు నామెయుఁ దప్పుకొనవలసివచ్చెను. అంతకుముందు రెండువందల యేండ్లు మగవారే యా పదవిలో నుండిరి. వారి బిడ్డల నెవరు పెంచిరో యెవ్వరు నడిగినట్లు వినము.

మఱుసటి యేఁడు కాలిఫోర్నియా ప్రజలు తామే యొక శాసనమును వోటు చేసి నెగ్గించుకొనిరి. 1994 నవంబరున నూటికి సుమారు 59 వోట్లతో నెగ్గిన యా 187వ ప్రతిపాదన ప్రకార మనుమతి లేనివారి బిడ్డలకు సర్కారు బడి లేదు. ప్రాణాపాయము గాని రోగములకు సర్కారు వైద్యము లేదు. పైఁగా నుపాధ్యాయులు పిల్లల పత్రములు విచారించి, అనుమానము గలిగినచో నధికారులకుఁ దెలుపవలెను. మా యింటఁ బడిపంతులుగా రుండుటచేత నీ యంశము మమ్ముఁ జాల బాధించినది. హాజరుపట్టిలోఁ బేరు పిలుచునోటితోనే పిల్లవానిని బట్టియిచ్చు పంతులెదుట నే బిడ్డ పలకపట్టి కూర్చుండఁగలదు? బిడ్డలకు బడి నిరాకరింపరాదని దేశపు సర్వోన్నతన్యాయస్థానము 1982లోనే తీర్పు చెప్పియుండుటచే న్యాయస్థానములు దీని నమలు కానీయలేదు.

కఠినముగా నుండవలెనని చెప్పుచునే మర్యాద దప్పని వా రుండిరి. నల్లజాతి స్త్రీలలోఁ బేరెన్నికగన్న బార్బరా జోర్డను, వలస విషయములను విచారించు సంఘమున కధ్యక్షురాలై 1994లో నివేదిక నిచ్చినది. రావలసినవారు రావలెను, రాఁగూడనివారు రాకుండవలెను, ఉండఁగూడదని తేలినవారు పోవలెను; ఈ మూఁడును జరిగినఁగాని ప్రజలకు శాసనముపై నమ్మిక కలుగదని యామె మతము. పనివాని యనుమతిని సర్కారు పట్టికతో సరిచూచు పద్ధతి కావలెననియుఁ గోరెను. అయినను వలసవచ్చినవారిని దూషించుటకు మాత్ర మామె యొప్పుకొనలేదు. 1996 జనవరిలో నామె మరణించినది. ఆమె కోరిన సరిచూపు కొన్ని రాష్ట్రములలో దప్ప యజమానులందఱకు విధిగా నేఁటికిని గాలేదు.

అందుకు బదులుగా సరిహద్దునఁ గాపు పెరిగినది. 2006లోఁ గంచె శాసనము చేసిరి. గోడ కట్టుఁడని చెప్పుటకుఁ గొందఱు కాంగ్రెసు సభ్యులకు టపాలో నిటుకలు పంపిరి! కాని కాపు హెచ్చినకొలఁది విపరీత ఫలము గలిగినది. పూర్వము మెక్సికో మగవారు పంటకాలమున వచ్చి, కోఁతలు కాఁగానే యిల్లు సేరెడివారు. దాఁటుట ప్రాణాంతకమై, దళారులకు ధార వోయవలసివచ్చినపిదప, ఒకమాఱు దాఁటినవాఁడు మరలఁ బోక భార్యాబిడ్డల నచటికే రప్పించుకొనెను. 1996 శాసనమున, ఏఁడాదికి మించి యనుమతి లేక యుండి దేశము విడిచినవారు 10 ఏండ్లు తిరిగి రాఁగూడదని నియమించుటచేఁ బోఁదలఁచినవారును బోలేకపోయిరి.

2007లో బుష్ అధ్యక్షుఁడే కోరిన రాజీబిల్లు సెనేటునకు వచ్చినది. రేడియోలలో విరోధము మిన్నంటెను. జూను 28వ తేదీని టెలిఫోనుల తాఁకిడికి సెనేటు మార్గములు స్తంభించినవి. 60 వోట్లు కావలసియుండఁగా 46 మాత్రమే వచ్చి బిల్లు పడిపోయినది. 2013లో మఱియొకటి సెనేటున 68 వోట్లతో నెగ్గినను ప్రతినిధిసభ దానిని జర్చకుఁ జేకొననే లేదు. 1986 నాఁటివంటి క్షమ మరల రాలేదు. 2025లో ట్రంపు రెండవమా ఱధ్యక్షుఁ డైనపిదప వెడలఁగొట్టుట ముమ్మరమై, ఫిబ్రవరి 5వ తేదీని 104 మంది భారతీయులను సంకెలలతో సైనికవిమానమున నమృతసరమునఁ దెచ్చి దింపిరి.

ఇఁక మా పెద్దామె మాట. ఉద్యోగులకై యేఁటేఁట నిచ్చు సుమారు 1,40,000 గ్రీన్ కార్డులలో నే యొక్క దేశమువారికిని నూటికి 7కు మించి రాఁగూడదని నియమము. చిన్న దేశమునకును భారతదేశమునకును నదియే కొలత. అందుచేత మనవారి వరుస దశాబ్దముల పొడవైనది. పెద్దామె కొడుకు చట్టము దప్పక, పన్ను కట్టి, పత్రములు మార్చుకొనుచు నా వరుసలోనే తల నెరయుచున్నాఁడు. నాలుగేండ్లప్రాయమున వెంట తీసికొనిపోయిన మనుమఁడు 21 నిండఁగానే తండ్రి వీసా నీడనుండి తొలఁగవలెను. 2012 జూను 15వ తేదీని, బాల్యమున ననుమతి లేక తేఁబడినవారిని వెడలఁగొట్టక పనిచేసికొననిత్తుమని యొబామా ప్రభుత్వము ప్రకటించినది. దాని నియమములలో నొకటి, ఆ దినమునకుఁ బిల్లవానికిఁ జట్టబద్ధమైన యనుమతి యుండరాదనుట! నియమము దప్పక తెచ్చిన బిడ్డకు లేనిది, దప్పి తెచ్చిన బిడ్డకుఁ గలిగినది. ఆ తల్లులకుఁ గడుపుమంట కలుగుట వింత కాదు. దప్పి తెచ్చినవారి బిడ్డయు నే పాపమెఱుఁగదనునదియు నంతే నిజము.

చిన్నామె కథ వేఱు. 2011లోఁ గాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మూఁతపడినపుడు మన తెలుగు విద్యార్థుల కాళ్లకుఁ జాడ తెలుపు యంత్రములు దగిలించిన సంగతి పత్రికలలోఁ జదివితిమి. 2019లో మిచిగనులోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయము బట్టబయలైనది. పాఠములు లేవు, పంతుళ్లు లేరు; వీసా నిలుపుకొనుటకుఁ జేరువారిని బట్టుకొనుటకు సర్కారువారే పన్నిన వల యది. చేరిన సుమారు 600 మందిలో నెక్కువవారు తెలుగువారు. బోధన లేదని తెలిసియే చేరిరని సర్కారువారు, సర్కారు పట్టికలోనే యున్నదానిని నమ్మితిమని విద్యార్థులు చెప్పిరి. చిన్నామె కొడుకును నట్టి పేరుమాత్రపుఁ గళాశాల యొకదానిలో దళారి మాటపైఁ జేరినవాఁడే. అప్పు తీఱక చదువు ముగిసినను నిలువఁజూచి, తుద కన్నియు వదలి యిల్లు సేరినాఁడు. ఆ పొల మింకను దాకట్టుననే యున్నది.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు మే మా యింటికి మరలఁ బోయితిమి. ఈమాఱు చిన్నామెయే తలయెత్తి, "అక్కయ్యా! మా వాఁడు గోడ దూఁకలేదు. వీసాతోనే పోయినాఁడు" అనెను. పెద్దామె కొంతసేపు పలుకక, "వానిని నేననలేదే!" యనెను. పిమ్మట లోపలికిఁ బోయి మజ్జిగ తెచ్చి మా యిద్దఱికి నిచ్చి, పంచాంగము తీసి మనుమని పుట్టినదినము లెక్కచూడుమని మమ్మడిగినది. 21 నిండుటకు నింకను పదునొకండు నెలలు గలవు.