ముందు ఆహారం, తర్వాత నడక



రోజూ రోగులతో "నడవండమ్మా, నడవండయ్యా" అని చెప్పే మేము నడిచేది వార్డు నుండి వార్డుకే. అందుకే ఒక సెలవు రోజున మా నర్సింగ్ సిబ్బంది కొందరం కలిసి కలికిరి నుండి వాయల్పాడు, మదనపల్లె మీదుగా హార్స్లీ హిల్స్‌కు వెళ్లాము. 121వ కీర్తన చదివి, ప్రార్థించుకొని, తెల్లవారుజామునే బయలుదేరాము.

ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పసిపిల్లను ఏనుగులు సాకినవని పెద్దలు చెప్పే కథ. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్లీ ఎండాకాలపు విడిది కోసం ఇక్కడ ఇల్లు కట్టుకున్నందున ఆయన పేరు స్థిరపడింది. ఎత్తు 4,000 అడుగులకు పైమాటే. నీలగిరి చెట్ల మధ్య బాట వెంబడి నడిస్తే మానస సరోవరం, గంగోత్రి అనే చిన్న చెరువులు కనిపిస్తాయి. వానలు పడిన తర్వాత గంగోత్రి నిండుగా ఉంటుంది. పక్షుల అరుపు, ఆకుల చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు. కాల్‌బెల్ మోత లేని ఉదయం ఎంత హాయిగా ఉంటుందో మాకు అప్పుడే తెలిసింది.

ఆరోగ్యవరం నేర్పిన పాఠం

మంచి గాలికీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషన్ సంఘాలు కలిసి క్షయ శానిటోరియం ప్రారంభించాయి. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానిని నడిపించారు. క్షయకు మందులు లేని ఆ రోజులలో శానిటోరియంలలో విశ్రాంతి, పౌష్టికాహారం, స్వచ్ఛమైన గాలియే చికిత్స. జ్వరం తగ్గి, బరువు పెరిగిన తర్వాతనే కొద్దికొద్దిగా నడిపించేవారు. అంటే ముందు ఆహారం, తర్వాత నడక. ఈనాడు క్షయను నయం చేసేది మందులే, వాటిని మధ్యలో మానరాదు. అయినా ఆ క్రమం నేటికీ మంచిదే. దానిని ఆ రోజు మేమే మరచిపోయాము.

మా పొరపాటు

చెరువు దాటి తిరిగి వచ్చే దారిలో మాలో ఒక సీనియర్ సిస్టర్ వెనుకబడ్డారు. ఎత్తు ఎక్కిన ఆయాసమేమో అనుకున్నాము. దగ్గరకు వెళ్లి చూస్తే ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, అడిగినదానికి పొంతన లేని జవాబు. షుగరుకు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకున్నారు, బస్సు తప్పిపోతుందని టిఫిన్ తినలేదు! వార్డులో పూటపూటా షుగర్ చూసే మా చేతిలో ఆ రోజు గ్లూకోమీటర్ కూడా లేదు. ఒకరి సంచిలో ఉన్న బెల్లం ముక్కలు, సీసాలో నీళ్లు దేవుడు చూపిన సహాయమే. కాసేపటికి ఆమె తేరుకున్నారు. వెంటనే చిత్రాన్నం తినిపించి, ఆ పూటంతా కనిపెట్టుకొని ఉన్నాము. "మీకు చెబితే నన్ను తీసుకొని రారని చెప్పలేదు" అని ఆమె కన్నీళ్లు పెట్టుకున్నారు. ఈ తప్పు ఆమెది మాత్రమే కాదు. బయలుదేరే ముందు అడగని మా అందరిదీ.

మీరు గమనించవలసినవి

1. షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారు తినకుండా నడవరాదు. జేబులో చక్కెర లేదా గ్లూకోజ్ పొడి ఉంచుకోవాలి. వణుకు, చెమట, తికమక కనిపిస్తే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాలలో తగ్గకపోతే మరల ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. మాత్ర ప్రభావం వలన మరల తగ్గవచ్చు, కనుక ఒంటరిగా విడువకండి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

2. కాళ్లు మూసే బూట్లు, మేజోళ్లు వేసుకోండి. ఇంటికి వచ్చాక పాదాలు చూసుకోండి.

3. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయరాదు. కాలు కదపకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి త్వరగా చేర్చండి.

4. పొదల్లో తిరిగిన తర్వాత రెండు వారాలలోపు జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. చంకలో, నడుము దగ్గర నల్లటి పొక్కు ఉంటే చూపించండి. అది చిన్న పురుగు కుట్టడం వలన వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ వంటి చవకైన మందుతో నయమవుతుంది. ఆలస్యమైతే ప్రాణాపాయం.

5. చెరువు నీళ్లు తాగకండి, ఈతకు దిగకండి.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక పెద్దలకు మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దానికి కొండే అవసరం లేదు, మన ఊరి చెరువు కట్ట చాలు.

అలసి చెట్టు కింద పడుకున్న ఏలీయాను దేవదూత వెంటనే నడవమనలేదు. ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి, తరువాతనే దూర ప్రయాణానికి పంపాడు. మనమూ అలాగే తిని, తోటివారిని "తిన్నావా అక్కా?" అని అడిగి, అప్పుడు అడుగు వేద్దాము. దేవుడు మీ కుటుంబములను కాపాడును గాక.