బత్తాయితోటల మొర తెరపై చెప్పుట యెట్లు?

జ్వరము తగ్గి పథ్యము పెట్టునాడు మన యిండ్లలో మొదట వెదకునది బత్తాయిపండు. ఆసుపత్రిలో నున్న చుట్టములను చూడబోవునపుడు చేతిసంచిలో నుండునదియు నదియే. ఆ పండు ఏ నేలను కాచినది, ఆ చెట్టున కెవరు నీరు పోసిరి అని మనలో నెందఱము తలచితిమి? ఆ తలంపు కలిగించుటకు నేడొక మంచి సాధనము చేతికి వచ్చినది. ఇంటింట సెల్‌ఫోనున్నది, దానితో చలనచిత్రము తీయవచ్చును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల సోదరీమణులు తమ సీమలోని బత్తాయితోటలపై నొక యథార్థచిత్రము తీయదలచినచో, అది యెట్లుండవలెనో మాకు తోచినది చెప్పెదము.

మొదట కథ తెలియవలెను. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోవుటకు పూర్వము ఈ మూడు పట్టణములును నల్లగొండ జిల్లాలోనివే. ఆ జిల్లా బత్తాయికి పేరెన్నిక గన్నది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప, ఎడమకాలువ క్రింది మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిపొలములతో నిండినవి, బియ్యపుమిల్లులు వెలసినవి. కాలువనీరందని మెట్టభూములలో రైతులు బోరుబావులను నమ్ముకొని సాతుగుడి రకపు బత్తాయి నాటిరి. ఎకరమునకు నూఱు చెట్లకు పైగా పట్టును. నాటిన నాలుగైదేండ్లవఱకు కాపు లేదు. అన్నాళ్లును తోట ఇంటిలోని పసిబిడ్డవలె తినుటయే గాని తెచ్చుట యెఱుగదు.

అట్లు పెంచిన చెట్లు 2002 మొదలు కొన్నియేండ్లు వచ్చిన కఱవులోను, మరల 2015-16 నాటి కఱవులోను నిలువున నెండినవి. బోరు వెంట బోరు వేసి అప్పులపాలైనవారు, ట్యాంకరులతో నీరు తోలినవారు, తుదకు చెట్లు నఱికి వంటచెఱకుగా నమ్ముకొన్నవారు కలరు. నీరున్నవారికిని ధర నిలుకడ లేదు. సరకు హైదరాబాదునకు, ఢిల్లీకి, కలకత్తాకు పోవలెను. తూకములో తరుగు తీయుదురు. ధర కొనువాడు చెప్పినదే. 2020 మార్చిలో దేశమంతటను రాకపోకలు నిలిచినపుడు వేసవికాపు చెట్లమీదనే యుండెను. కోయించినచో లారీ లేదు, ఉంచినచో రాలిపోవును.

ఇంత దుఃఖమున్నది గదా యని చిత్రమంతయు కన్నీటితో నింపుట తగదు. చూచువారు అయ్యో యందురు, లేచి పోవుదురు. నమ్మకము కలుగవలెనన్న పని చూపవలెను, లెక్క చూపవలెను, మన తప్పును గూడ చూపవలెను. 1936లో అమెరికా ప్రభుత్వము తమ పచ్చికబయళ్ల నాశనమును గూర్చి యొక చిత్రము తీయించినది. అందు అనావృష్టిని మాత్రమే నిందింపలేదు. మితిమీఱి దున్నిన మనుష్యుల నాగలిని గూడ చూపిరి. మన చిత్రమును అట్లే, పోటీపడి త్రవ్విన బోరులను, అడుగంటిన భూగర్భజలమును, బిందుసేద్యమునకు మారక పారించిన నీటిని దాచరాదు. దాచినచో తెలిసినవాడొకడు లేచి యడుగును; అంతటితో చిత్రమంతయు అబద్ధమని తోచును.

ఇది స్త్రీలవలన నగునా యని సందేహింప బనిలేదు. జహీరాబాదు ప్రాంతమున పస్తాపురములో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల పేద దళితస్త్రీలు, బడి యెఱుగనివారు పలువురు, కెమెరా పట్ట నేర్చిరి. 2001లో వారి మాధ్యమసంస్థ యేర్పడినది. వరంగల్లు బీటీ పత్తిరైతుల కష్టమును వారు ఒక్కనాటి వార్తగా తీయలేదు. పొలములకు మరలమరల పోయి, ఏటికేడు ఏమి జరిగినదో చూపిరి. వారి బలమంతయు ఆ ఓపికయందే యున్నది.

కావున తోటకు ఒక్కమారు పోయి రారాదు. పూత నాడు, పిందె నాడు, కోత నాడు పోవలెను. రాత్రియు పోవలెను, రెక్కలపురుగు చీకటిలోనే వచ్చి, పండున ముట్టె గ్రుచ్చి రసము పీల్చును. ఆ గాయము కుళ్లి పండు రాలును. తెల్లవారినంతనే రాలినకాయ లేఱు స్త్రీల చేతులను చూపుడు. రైతుభార్యను ఏడువుమని కోరక, ఏడాది ఖర్చు చెప్పుమని కోరుడు: పాదులు, ఎరువు, మందు, కోతకూలి, బండికిరాయి, తరుగు. ఇంటిలెక్క ఆమె నోటనున్నంత స్పష్టముగా మరెక్కడను ఉండదు. ఆ పిమ్మట సూర్యాపేటలో పెద్దరోడ్డు ప్రక్కన గ్లాసు రసము వెల యెంతయో చూపి, తోటలో కిలో కాయకు వచ్చిన వెల యెంతయో చూపుడు. వ్యాఖ్యానము వలదు, రెండంకెలు చాలును. వర్తకునికిని మాటలాడ నవకాశ మీయుడు. దారిలో కుళ్లిన సరకు నష్టము అతనికిని కలదు. ఎవరి మొగమును వారి సమ్మతి లేక తీయకుడు. చిత్రము పూర్తియైన పిదప మొదట ఆ యూరివారికే చూపుడు. వారు ఔనన్నదే లోకమునకు చూపదగినది.

తుదకు ఒక్క కోరికతో ముగింపుడు. పది కోరికలు కోరిన చిత్రము ఏదియు సాధింపదు. అధికారులకు చూపునపుడు తరుగు లేని తూకము కోరుడు. గృహిణులకు చూపునపుడు వేఱొకటి చెప్పుడు: మన యుష్ణదేశమున బత్తాయి లోపల పండినను తొక్క తఱచుగా పచ్చగానే యుండును. పసుపువన్నె రాత్రిచలివలన వచ్చునది. అది తీపికి గుర్తు కాదు. ఆగస్టు, సెప్టెంబరులలో పెద్దకాపు వచ్చి ధర పడిపోవునాడు, పచ్చనిదని త్రోసివేయక, చేత బట్టి బరువు చూచి కొనవలెను. బరువైన కాయలో రసముండును.

చిత్రము తీయ వీలుకాని మనవంటివారము సైతము ఈ మాత్రము చేయగలము. బజారులో మన చేయి ఏ కాయవైపు పోవునో, మెట్టసీమలో నొక యిల్లాలి యేడాది లెక్కలో కొంత దానిపై నాధారపడి యున్నది.