పాతకారు స్టీరింగు: అరుగుదల, చీలిక

ఇటీవల వెలుగోడు నుండి ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసినారు. వారి తాతగారి అంబాసిడరు కారు చాల ఏండ్లుగా ఇంటి వెనుక కొట్టములో ఉండిపోయినదట. ఇంజనును నంద్యాల మేస్త్రీ ఒకడు బాగుచేసినాడు. సీట్లు కుట్టించినారు, రంగు వేయించినారు. ఇక మిగిలినది స్టీరింగు. నల్లని ఆ చక్రము నాలుగు చోట్ల పగిలి లోపలి యినుము కనబడుచున్నది. కుడివైపున జానెడు మేర నున్నగా అరిగిపోయినది. "క్రొత్తది కొని బిగించుకొమ్మని అందరును చెప్పుచున్నారు. కాని ఆ అరిగిన చోట మా తాతగారి చేయి ఉన్నది. దానిని పోగొట్టకుండ చక్రమును బాగుచేయవచ్చునా?" అని వారి ప్రశ్న.

చేయవచ్చును. అయితే అరుగుదల వేరు, చీలిక వేరు అని ముందుగా గ్రహింపవలెను. అరుగుదల మనిషి చేసిన పని. చీలిక ఎండ చేసిన పని.

ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును అనుసరించి కలకత్తా చెంత ఉత్తర్‌పాడాలో హిందూస్తాన్ మోటార్సువారు అంబాసిడరును 2014 వరకు తయారుచేసినారు. తొలినాటి బండ్లలో గేరు కడ్డీ స్టీరింగు స్తంభమునకే ఉండెడిది. ఎడమచేయి మాటిమాటికి గేరు మార్చుటకు పోవును. కుడిచేయి మాత్రము చక్రమును విడువదు. నేటి కార్లలోవలె త్రిప్పుటకు యంత్రసహాయము లేదు గనుక పట్టు గట్టిగా ఉండవలెను. చెమటలోని ఉప్పు, చేతి జిడ్డు, దారి దుమ్ము కలిసి ఉప్పుకాగితమువలె పనిచేయును. అందుచే అరుగుదల కుడివైపున కనబడుట సహజమే. దానివలన చక్రపు బలము తగ్గదు.

చీలిక కథ వేరు. బండిచక్రమునకు ఇనుప పట్టా తొడుగుట మన పల్లెలలో చూచినవారు ఎందరో ఉందురు. పట్టాను ఎఱ్ఱగా కాల్చి కఱ్ఱ చక్రముపై దిగవేసి నీరు పోయుదురు. చల్లారిన ఇనుము కుదించుకొని కఱ్ఱను బిగబట్టును. స్టీరింగులో ఇది తలక్రిందులైనది. లోపల ఇనుప వలయము, పైన ప్లాస్టిక్ తొడుగు. వేడికి ప్లాస్టిక్ ఇనుము కంటె ఎన్నో రెట్లు సాగును, చల్లబడినపుడు అన్ని రెట్లు కుదించుకొనును. చక్రపు అడ్డుకొలత 43 సెంటీమీటర్లు అనుకొందము. చుట్టుకొలత సుమారు 135 సెంటీమీటర్లగును. నంద్యాల సీమ వేసవిలో తలుపులు మూసిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుట కష్టము కాదు. చలికాలపు వేకువ 20 డిగ్రీలకు దిగునేమో. ఈ 40 డిగ్రీల తేడాకు ఇనుము అర మిల్లీమీటరు కంటె కొంచెమెక్కువ మారును. ఆ కాలపు ప్లాస్టిక్ తన రకమును బట్టి అయిదు మిల్లీమీటర్ల వరకు మారగలదు. ఇది చాలదన్నట్లు, ఏండ్లు గడచిన కొలది ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచు పదార్థములు ఆవిరియై పోవును. తొడుగు బిరుసెక్కి, కురుచయై, బిగబట్టుటకు బదులు తానే పగులును. ఆకులు వలయమును కలిసెడి చోట అది కదలలేదు గనుక సాధారణముగా అక్కడనే మొదటి చీలిక పుట్టును.

ఇక బాగుచేయు విధము. మొదట బ్యాటరీ తీగ విప్పవలెను; హారను తీగ చక్రపు నడుమనే ఉన్నది గదా. ముందు చక్రములు తిన్నగా ఉండునట్లు నిలిపి, స్టీరింగు నడిమికిని కడ్డీకిని ఒకే గీత గీసి గుర్తుంచుకొనవలెను. నట్టును వదులు చేసి, పూర్తిగా తీయక నాలుగు మరలపై నిలిపి, పుల్లరుతో చక్రమును లాగవలెను. నట్టు లేనిచో చక్రము ఒక్కసారిగా ఊడి ముఖమునకు తగులును. సుత్తితో కొట్టువారిని మేము చూచినాము. ఆ దెబ్బ క్రిందనున్న బేరింగులపై పడును.

తీసిన చక్రమును సబ్బునీటితో, పాత పండ్ల బ్రష్షుతో కడుగవలెను. పెట్రోలు, థిన్నరు తగిలింపరాదు. కొన్ని పాత ప్లాస్టిక్‌లు వానిలో కరగును. పిమ్మట ప్రతి చీలికను మూడంచుల ఆకురాయితో ఇనుము తగులు వరకు వెడల్పు చేయవలెను. చిన్న చీలికను పెద్దది చేయుటకు చేయి వెనుకాడును, నిజమే. కాని పైపైన పూసిన పుట్టీ ఆరు నెలలు నిలువదు.

ఇనుము కనబడినచోట ఆగి చూడవలెను. తుప్పు పైపొరగా మాత్రమే ఉన్నచో గీకి మెరయజేయవచ్చును. వలయము తినివేయబడినదా, ఆకు అతుకు బీటలు వారినదా, నడిమి రంధ్రపు గాళ్ళు అరిగినవా, ఆ చక్రము ఇక రోడ్డునకు పనికిరాదు. ఎపాక్సీ తొడుగును అతికించునే గాని ఇనుమునకు బలమీయదు. ఆత్మకూరు దాటి దోర్నాల ఘాటు మలుపులో చేతికి వచ్చిన స్టీరింగును తలచుకొనుడు! అప్పుడు తాతగారి చక్రమును గోడకు తగిలించి, బండికి వేరొకటి బిగించుటే మర్యాద.

ఇనుము గట్టిగా ఉన్నచో, రెండు పాళ్ళు కలిపి పిసికెడు ఎపాక్సీ పుట్టీ చాలును. చేతులకు తొడుగులు వేసికొనవలెను. పుట్టీలో నల్లని రంగుపొడి కొంచెము కలిపినచో అతుకు అంతగా కొట్టవచ్చినట్లు కనబడదు. పని తెల్లవారు జామున చేయుడు. అప్పుడు ప్లాస్టిక్ కుదించుకొని చీలిక నోరు తెరచియుండును. మధ్యాహ్నపు వేడిలో నింపినచో రాత్రికి ప్లాస్టిక్ వెనుకకు లాగుకొని సందు మరల పడును. ఒక దినము ఎండనిచ్చి, ఆకురాయితోను, ముతకనుండి నున్నని వరకు ఉప్పుకాగితములతోను సరిచేయవలెను. ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

చాలమంది ఇక్కడ ప్రైమరు వేసి చక్రమంతయు రంగు కొట్టింతురు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొరకు తయారైన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ ఉన్నది. 1911లో నిజాము మరణించిన పిదప గాని అది చేరలేదు. ఉత్సవములకు వెడలిన అట్టి బండికి తొలినాటి మెరుపే అందము. వెలుగోడు కారు, ఉత్తరమునుబట్టి, పెండ్లిండ్లకును శ్రీశైలమునకును తిరిగిన కారు. దాని కుడివైపు అరుగుదలను పుట్టీతో నింపనక్కరలేదని మా అభిప్రాయము. అతుకుల చోట మాత్రము నునుపు చేసి, తక్కినదానిని మైనముతో తుడిచిన చాలును. దగ్గర నుండి చూచినవారికి నాలుగు అతుకులు తెలియును, తెలియనిండు.

మరొక సంగతి. 2021లో కేంద్ర మోటారు వాహన నియమములకు చేర్చినదాని ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, పెద్ద మార్పులు లేక అసలు రూపముతో ఉన్న కారును వింటేజి వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. అట్టి కారును ప్రదర్శనలకును ర్యాలీలకును తీసికొనిపోవచ్చునే గాని నిత్యప్రయాణములకు నడుపరాదు. శ్రీశైలము పోవు ఆలోచన ఉన్నవారు దరఖాస్తునకు ముందే ఈ సంగతి చూచుకొనవలెను.

అతికిన చక్రము మరల పగులదని మేము హామీ యీయలేము. ప్లాస్టిక్ కదలుట మానదు. బండిని నీడన నిలిపి, చక్రముపై తెల్లని గుడ్డ కప్పినచో చాలకాలము నిలుచును. వెలుగోడు శ్రోత చీలికలను తెరచిన పిదప లోపలి యినుము ఎట్లున్నదో మాకు వ్రాయగోరుచున్నాము.