రోజుకు మైనస్ యాభై

ఏడో తరగతి పిల్లలు ఏటా తడబడే పాఠం ఒకటుంది. ధన, రుణ పూర్ణ సంఖ్యల గుణకారం, భాగహారం. యూఏఈలోని రాస్ అల్ ఖైమా ఎమిరేట్‌లో ఉండే తెలుగు కుటుంబాల పిల్లలూ అక్కడి ఇండియన్ స్కూళ్లలో ఆ పాఠమే చదువుతారు కాబట్టి దీని మీద ముఖచిత్ర కథనం ఆ ఊరి నుంచే రావాలన్నారు మా పత్రిక ఎడిటర్ గారు. పాఠ్యపుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను గానీ, పాఠమంతా నాకు దొరికింది వేరే కాగితంలో. అది వీసా గడువు దాటినవాళ్ల ఫైన్ లెక్క.

యూఏఈలో వీసా గడువు, ఆపైన ఇచ్చే వెసులుబాటు రోజులు అయిపోయాక రోజుకు 50 దిర్హాముల ఫైన్ పడుతుంది. రాస్ అల్ ఖైమాలోని ఖోర్ ఖ్వైర్ క్వారీల్లో, అల్ ఘైల్ ఫ్యాక్టరీల్లో పనికి పోయిన మన తెలుగువాళ్లకు ఈ యాభై సంగతి బాగా తెలుసు. కంపెనీ నుంచి బయటపడి కాగితాల్లేకుండా మిగిలినవాణ్ని మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. పని దొరికినా దొరక్కపోయినా, జ్వరమొచ్చి పడుకున్నా సరే, తెల్లారితే అతని ఖాతాలో మైనస్ 50 చేరుతుంది.

అలా 200 రోజులు గడిచాయనుకుందాం. 200 × (−50) = −10,000. ఇంతవరకు ఏ పిల్లవాడికీ తికమక ఉండదు.

ఇప్పుడు కాగితం మీద మొత్తం మాత్రమే ఉంది, రోజులు తెలియవు. −10,000ను −50తో భాగిస్తే 200. అప్పును అప్పుతో భాగిస్తే ప్లస్ ఎలా వచ్చిందని పిల్లవాడు అడగాలి, అడిగితే సంతోషించాలి. వచ్చింది డబ్బు కాదు బాబూ, రోజులు. పదివేల బాకీలో యాభై బాకీలు ఎన్ని ఉన్నాయో చూశాం, 200 ఉన్నాయి. అదే బాకీని గదిలో ఉన్న ఐదుగురూ పంచుకుంటే −10,000 ÷ 5 = −2,000. ఒక్కొక్కరి వాటాకు వచ్చింది బాకీయే.

ఇక అసలు సంగతి. 2024 సెప్టెంబర్ 1న యూఏఈ వీసా గడువు దాటినవాళ్లకు ఆమ్నెస్టీ మొదలుపెట్టింది. ముందు అక్టోబర్ 31 వరకే అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. ఆ గడువులోపు ఫైన్ కట్టకుండా ఇంటికి పోయే వీలుండేది, మళ్లీ రాకుండా నిషేధం ఉండేది కాదు. లేదంటే కాగితాలు సరిచేసుకుని అక్కడే ఉండే వీలూ ఇచ్చారు. మన ఉదాహరణలోని మనిషి ఖాతాలో దీన్ని రాస్తే, 200 రోజుల ఫైన్ తీసేశారు కాబట్టి −200. ఒక్కో రోజుది −50. (−200) × (−50) = +10,000.

ఈ ప్లస్ దగ్గర కాసేపు ఆగాలి. అప్పు ఇంటూ అప్పు లాభమని చెప్పే పాఠం మీద నాకు నమ్మకం లేదు. లోకంలో ఎవరూ అప్పును అప్పుతో హెచ్చవేయరు. ఇక్కడి రెండు సంఖ్యలు చేసే పనులు వేరు. రోజుకు ఎంతో ఒకటి చెబుతుంది, ఎన్ని రోజులు వేశామో తీసేశామో రెండోది చెబుతుంది. 200 రోజులు వేసి, ఆ 200 రోజులే తీసేస్తే ఖాతా సున్నాకు రావాలి. వేసినప్పుడు −10,000 అయింది. తీసినప్పుడు +10,000 కాకపోతే లెక్క తేలదు. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ కావడానికి రుజువు ఇదే. ఎవరో పెట్టిన షరతు కాదు.

ఆ పదివేలు అతని జేబులో పడలేదు. ఖాతా −10,000 నుంచి సున్నాకు కదిలింది, ఆ కదలికే ప్లస్. విమానం టికెట్టుకు అతను మళ్లీ ఎవరినో చేబదులు అడగాల్సిందే. ఈ తేడా విడమరచకుండా సూత్రాన్ని వల్లె వేయించడం పిల్లలకు అన్యాయం. మర్నాడు (−3) + (−4) ఇచ్చినా ప్లస్ 7 అని రాసేది అలా వల్లె వేసిన పిల్లలే.

ఈ గుర్తుల నియమాల చరిత్ర క్లుప్తంగా. బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో ఈ నియమాలన్నీ ఆస్తులు, అప్పుల లెక్కగా చెప్పాడు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో మళ్లీ చెప్పాడు, ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. బీజగణితానికి పేరు తెచ్చిన అల్ ఖ్వారిజ్మీ సమీకరణాల్లోకి రుణ సంఖ్యలను రానివ్వలేదు. పన్నెండో శతాబ్దంలో బాగ్దాద్‌వాడైన అల్ సమవాల్ గుర్తుల నియమాలు స్పష్టంగా రాశాడు. ఆ తర్వాత కూడా, 1758లో ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ మసెరెస్ రుణ సంఖ్యలు అసలు సంఖ్యలే కావని వాదించాడు.

జెబెల్ జైస్ లెక్క

ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి పాత పుస్తకంలో నాకు ఇష్టమైన లెక్క ఒకటుంది. మధ్యాహ్నం పన్నెండుకు 10 డిగ్రీలు. గంటకు 2 చొప్పున తగ్గితే మైనస్ 8 ఎప్పుడవుతుంది? మారాల్సింది −18, గంటకు −2, భాగిస్తే 9. రాత్రి తొమ్మిదికి. ఎండలకు మాడే ఊళ్లో ఇదేం లెక్క అనుకోనక్కర్లేదు. రాస్ అల్ ఖైమా ఎమిరేట్‌లోనే దాదాపు 1,900 మీటర్ల ఎత్తున్న జెబెల్ జైస్ కొండ మీద 2017 ఫిబ్రవరి 3న మైనస్ 2.2 డిగ్రీలు నమోదైంది. కిలోమీటరు ఎత్తు పెరిగితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. కొండ మీది నుంచి 2 కిలోమీటర్ల ఎత్తు దిగామనుకుంటే, (−2) × (−6), అంటే 12 డిగ్రీల వేడి పెరుగుతుంది. పిల్లలతో ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లు పైనా కిందా థర్మామీటర్ చూపించండి.

సున్నాతో జాగ్రత్త

గడువు దాటని మనిషి బాకీ 0. దాన్ని −50తో భాగిస్తే 0 రోజులు, సబబే. కానీ రోజువారీ ఫైనే సున్నా అనుకోండి. బాకీ 0, రేటు 0. అతను ఎన్ని రోజులు ఎక్కువ ఉన్నాడు? ఒక రోజు కావచ్చు, వెయ్యి రోజులు కావచ్చు, కాగితం చూసి ఎవరూ చెప్పలేరు. 0 ÷ 0 సున్నాయే అన్నాడు బ్రహ్మగుప్తుడు. మిగతా నియమాలన్నిటికీ ఆయనకు దండం పెట్టే నేను, ఇది మాత్రం ఒప్పుకోలేను.